సగము బలము

ధ్యానము: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము



రామగుండము చెంత బసంత్‌నగర్‌లో సిమెంటు కర్మాగారము కొరకు వేసిన చిన్న విమానాశ్రయము మీలో అనేకులు ఎరుగుదురు. 1980 దశకములో వాయుదూత్ విమానములు అక్కడ దిగెడివి. తరువాత ఆ సేవ నిలిచిపోయినది. ఆ దారిని పోవునప్పుడెల్ల మాకొక సంగతి తోచును.

ఒకే ఇంజను గల చిన్న విమానము నేల విడిచిన వెంటనే ఇంజను బొత్తిగా ఆగిపోయినచో పైలటుకు సందేహముండదు. ముక్కు దించి, వేగము నిలుపుకొని, ఎదుట దొరికిన చదునులో దిగును. ఇంజను సగము లాగునప్పుడే చిక్కు. పెట్రోలులో నీరు చేరవచ్చును, ప్లగ్గులకు మసి పట్టవచ్చును. గాలిలో తేమ యుండిన యెడల వెచ్చని దినమున సహితము కార్బురేటరులో మంచు పేరుకొనును. దానికి వేడిగాలి మీట కలదు. అయితే మంచు కరుగునంతసేపు ఇంజను మరింత మొరాయించును గనుక, బెదిరి మీట మూసివేయువారును కలరు!

“ఇంకను లాగుచున్నది గదా, బయలుదేరిన చోటికే తిరిగి పోదము” అని పైలటుకు ఆశ పుట్టును. తక్కువ ఎత్తున ఒరిగి తిరుగునప్పుడు రెక్కలకు ఎక్కువ వేగము కావలెను. అది లేనందున పట్టు తప్పి గిరగిర తిరిగి పడును. ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ 2000 నుండి 2010 వరకు తమ దేశపు లెక్కలు తీసెను. ఎగిరిన పిమ్మట ఇంజను పూర్తిగా ఆగినవి 75, ప్రాణనష్టము ఒక్కదానిలోను లేదు. సగము బలము పోయినవి 242, వాటిలో తొమ్మిది ప్రాణాంతకములు. అందుచేత ఎక్కడ దిగుదునో బయలుదేరక మునుపే నిశ్చయించుకొనుమని వారు బోధించుచున్నారు.

పౌలు ఎక్కిన ఓడలో 276 మంది యుండిరి. గోధుమలు సముద్రములో పారవేసిరి, ఓడను ఒడ్డుకు తోలిరి. ఓడ బద్దలాయెను, మనుష్యులు పలకలు పట్టుకొని గట్టెక్కిరి. ఓడను కూడ దక్కించుకొందుమని వారు పట్టుబట్టలేదు.

ఇది మీకు చెప్పుటకు మాకు సిగ్గుగా నున్నది. గత వానకాలమున బొగ్గుబావిలో పనిచేయు మన సహోదరుడొకడు రాత్రి షిఫ్టుకు పోవుచు మా గుమ్మమునొద్ద ఆగెను. ఎడమ చేయి బరువెక్కినదనెను, మాట కొంచెము ముద్దగా వచ్చెను. “ఇంకా నడుస్తనే ఉన్న గదా అయ్యగారూ, మస్టరు పోతది, ప్రార్థన చెయ్యుండ్రి” అనెను. మేము ప్రార్థించి పంపితిమి. బావిలోనికి దిగక మునుపే కూలిపోయెను. రక్తపు గడ్డ కరిగించు మందు సాధారణముగా మొదటి నాలుగున్నర గంటలలోనే ఈయవలెనని డాక్టరుగారు తరువాత చెప్పిరి. మా గుమ్మమునొద్ద ఆ గంటలు ఇంకను ఆయన చేతిలో నుండెను. అప్పుడే చేయి పట్టుకొని ఆసుపత్రికి నడిపింపవలసినది మేమే. ప్రార్థన దారిలో చేయవచ్చును గదా.

ప్రాణము దక్కెను, ఎడమ చేయి రాలేదు. ఆదివారము ముందు బల్లమీద కూర్చుండి కుడిచేతితో కానుక వేయుచున్నాడు. ఆ రాత్రిని గూర్చి మమ్మును ఒక్క మాట యనలేదు. మొన్న ఈ అధ్యాయము చదువుమని ఆయననే అడిగితిమి. పలకల మాట వచ్చినచోట నాలుక తడబడెను, ఆగి, మరల మొదటినుండి ఆ వచనము చదివెను.