అందరును పరదేశులైన దేశము

పూర్వము మానవనివాసమే లేని ద్వీపమున స్వదేశీయు లెవరు, పరదేశు లెవరు? హిందూ మహాసముద్రమందలి మారిషస్ ఈ ప్రశ్నను మన యెదుట నుంచుచున్నది. 1638లో డచ్చివారు అచ్చట కాపురముండిరి. పిమ్మట వచ్చిన ఫ్రెంచివారు ఆఫ్రికా, మడగాస్కరులనుండి దాసులను విస్తారముగా తెచ్చిరి. బ్రిటిషు పాలనలో 1835లో దాస్యము రద్దాయెను. అంతట చెరకుతోటల యజమానులు విముక్తులకు తగిన కూలి నిచ్చుటకు మారుగా, భారతదేశమునుండి ఒప్పందపు కూలీలను రప్పించిరి. 1834 మొదలు 1920 వరకు దాదాపు 5 లక్షలమంది పోర్ట్ లూయిస్ రేవున దిగిరి. వారిలో కోరంగి రేవునుండి వెళ్లిన తెలుగువారును గలరు.

నేడు ఆ దేశజనులలో అధికసంఖ్యాకులు భారతసంతతివారే. 1968లో స్వతంత్రమైన ఆ దేశపు మొదటి ప్రధానమంత్రి సీవూసాగర్ రాంగులాం ఒక వలసకూలీ కుమారుడు. ఇది ఘనతయే. అయినను ఆ కూలీల రాకవలన, అంతకుముందే శ్రమపడిన విముక్తులు వెనుకకు నెట్టబడిరి. వలస జనాభాను మార్చును గాని న్యాయమును తనంతట తాను తేజాలదు.

ఇశ్రాయేలీయులు ఐగుప్తులో పరదేశులైయుండిరి గనుకనే పరదేశిని ప్రేమింపవలెనని ధర్మశాస్త్రము వారికి విధించెను. కాబట్టి ప్రియ చదువరీ, బ్రతుకుదెరువునకై మన యూరికి వచ్చినవానిని త్రోసివేయకమునుపు, మన పితరులు ఎచ్చటనుండి వచ్చిరో విచారింతము. వాని రాకవలన కూలి తగ్గిన పొరుగువానిని గూడ మరువకుందము.