ఆ నూరు ఏది?

గణితంలో తగవుకు తావు లేదని మన నమ్మకం. రెండూ రెండూ నాలుగన్న తరువాత ఇక వాదమేమిటి? కాని కవిత్వాన్ని గురించి చల్లగా మాట్లాడుకునేవారే లెక్క దగ్గరకు వచ్చేసరికి గొంతు పెంచటం చూస్తున్నాము. ఎందుకని?

మందమర్రిలో వుండేవారికి దూరపు ఉదాహరణ అక్కరలేదు. 2022–23లో సింగరేణి లాభం 2,222 కోట్లు. అందులో 32 శాతం, అంటే 711 కోట్లు, కార్మికులకు పంచారు. మరుసటి ఏటి లాభం 4,701 కోట్లు. 2024 సెప్టెంబరులో కార్మికుల వాటా 33 శాతమని ప్రకటించారు. అయితే ముందుగా 2,289 కోట్లు విస్తరణకు తీసి పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్ల మీద లెక్క కట్టారు. వచ్చినది 796 కోట్లు.

వాటా పెరిగిందా, తగ్గిందా? శాతం పెరిగిందన్నవారిది నిజం. సొమ్ము 85 కోట్లు పెరిగిందన్నవారిదీ నిజం. మొత్తం లాభంలో చూస్తే 32 వున్నది సుమారు 17కు పడిందన్నవారిదీ నిజమే. ఎవరూ గుణకారంలో తప్పలేదు. "వాటా" అనే ఒక్క మాట వెనుక మూడు ప్రశ్నలున్నవి. ఎవరి ప్రశ్నకు వారు సరైన జవాబు చెప్తూనే, ఎదుటివారిని అబద్ధాలకోరంటున్నారు. మన ఆలంకారికులు విరోధాభాసమన్నది ఇటువంటిదే: పైకి కనబడే వైరుధ్యం, మాటకు రెండో అర్థం తెలియగానే విడిపోతుంది.

ఇది చదువు తక్కువవల్ల వచ్చే చిక్కనుకుంటే పొరపాటు. 1990లో అమెరికాలో మేరిలిన్ వాస్ శావంట్ తన పత్రికా శీర్షికలో ఒక ప్రశ్నకు జవాబిచ్చింది. మూడు తలుపులు, ఒకదాని వెనుక కారు, రెండింటి వెనుక మేకలు. మీరొక తలుపు కోరుకున్నారు. ఏది ఎక్కడున్నదో తెలిసిన ఆట నిర్వాహకుడు మిగిలినవాటిలో మేక వున్న తలుపు తెరిచి, "మార్చుకుంటారా?" అన్నాడు. మార్చుకుంటే గెలుపు అవకాశం మూడింట రెండు వంతులని ఆమె చెప్పింది. సుమారు పదివేల ఉత్తరాలు వచ్చినవి. వెయ్యి దాకా డాక్టరేటు గలవారివి. ఎక్కువమంది ఆమెది తప్పన్నారు. ఆమెదే ఒప్పు: మొదట మీ చేతికి మేక తగిలే అవకాశం మూడింట రెండు వంతులు, అప్పుడల్లా మారితే కారే. అయితే నిర్వాహకుడు ఏమీ తెలియక తెరిచి, అదృష్టవశాత్తు మేక కనబడితే, అవకాశం సగమే. కళ్లకు కనబడేది మాత్రం రెండుసార్లూ ఒకటే.

వింత లెక్కలలో తగవు పుట్టేది తరచు ఇలా కనబడకుండా వుండిపోయిన షరతు దగ్గరే. గణితం ప్రశ్నలను విడదీసి చూపగలదు. ఏ ప్రశ్న అడగాలో అది నిర్ణయించదు. విస్తరణకు ఎంత, గనిలో దిగినవాడికి ఎంత అన్నది న్యాయానికి సంబంధించిన విషయం. దానిని శాతం చాటున పెట్టి "లెక్క అంతే" అనే హక్కు ఎవరికీ లేదు. నచ్చని జవాబును తప్పుడు లెక్క అని కొట్టివేసే హక్కు మనకూ లేదు.

నూటికి ముప్పైమూడు అన్నప్పుడు ఆ నూరు ఏదో, దానిని ఎవరు ఎంచారో ముందు తేల్చుకోవాలి. తగవు ఆ తరువాత పడవచ్చు. అప్పుడది పడవలసిన చోటనే పడుతుంది.