సూదీ దారంలో శాంతి సరే, మరి కూలి సంగతి?



మొన్నటి వీడియోలో గీత రెండో అధ్యాయం 47వ శ్లోకం గురించి మాట్లాడుకున్నాం కదా. పని చేయడం వరకే మన చేతిలో ఉంది, ఫలితాన్ని పట్టుకుని వేలాడొద్దు అన్నది దాని సారం. నిజం చెప్పాలంటే ఈ మాట నాకు పుస్తకంలో కన్నా క్రోషే సూదితోనే బాగా అర్థమైంది. ఒక ఇబ్బందికరమైన ప్రశ్న కూడా ఆ సూదే నా ముందు పెట్టింది. ఈరోజు దాని గురించే.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. రోజంతా స్క్రీన్, కాల్స్, డెడ్‌లైన్లు. రాత్రి భోజనం అయ్యాక ఓ అరగంట దారంతో అల్లుతాను. అల్లేటప్పుడు వరసలో ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెడుతూ ఉండాలి, లేకపోతే అంచు వంకర పోతుంది. అందుకే వేళ్ళకి ఓ చిన్న పని, మనసుకి ఓ చిన్న లెక్క దొరుకుతాయి. వేరే ఆలోచనకి చోటుండదు. జపమాల 108 పూసలు చేసే పని కూడా ఇదే కదా! కార్తీక పౌర్ణమికి 365 వత్తులు చేసే అమ్మమ్మల్ని చూడండి. పత్తిలో గింజలు ఏరి, దూది సాగదీసి, అరచేతిలో నలుపుతూ గంటలు కూర్చుంటారు. దానికి వాళ్ళు స్ట్రెస్ రిలీఫ్ అని పేరు పెట్టలేదు, అంతే. పనిలో ఇలా పూర్తిగా మునిగిపోయే స్థితికి మిహాయ్ చిక్సెంట్‌మిహాయ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 'ఫ్లో' అని పేరు పెట్టి, 1990లో అదే పేరుతో పుస్తకం రాశాడు.

ఆరో అధ్యాయంలో అర్జునుడు మనసుని పట్టుకోవడం గాలిని పట్టుకున్నంత కష్టం అంటాడు. దానికి కృష్ణుడు చెప్పిన ఉపాయాలు రెండు: అభ్యాసం, వైరాగ్యం. అల్లికలో ఈ రెండూ కనిపిస్తాయి. అదే కుట్టు మళ్ళీ మళ్ళీ వేయడం అభ్యాసం. కొస పట్టుకుని లాగితే వరసలకి వరసలు ఊడిపోతాయి, చేతిలో మళ్ళీ దారమే మిగులుతుంది. అలా ఊడదీయడానికి సిద్ధంగా ఉండటమే వైరాగ్యం.

ఇంతవరకూ బాగానే ఉంది. ఆఫీసులో నా అల్లిక చూసినవాళ్ళు మాత్రం "ఇన్‌స్టాలో పేజీ పెట్టి అమ్మచ్చుగా?" అని అడుగుతుంటారు. అమ్మడం తప్పేం కాదు. కానీ ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒకటి గుర్తొస్తుంది. నాకు శాంతి వస్తున్నది దారం వల్ల మాత్రమే కాదు, దాని ఫలితంతో నాకు అవసరం లేకపోవడం వల్ల కూడా. ఎందుకు అవసరం లేదు? నెల తిరిగేసరికి జీతం పడుతుంది కాబట్టి. అంటే నా వైరాగ్యంలో సగం నా జీతానిదే.

పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం చుట్టుపక్కల ఇదే క్రోషే అల్లిక ఎంతోమంది ఆడవాళ్ళకి జీవనాధారం. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా అక్కడికి వచ్చిన ఈ పని, తర్వాత విదేశాలకి ఎగుమతయ్యే లేసు పరిశ్రమగా ఎదిగింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ వాళ్ళ మీద పరిశోధన చేసి, 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం వెలువరించారు. అందులో ఆమె ఎత్తి చూపిన విషయం నన్ను కుదిపేసింది. ఆ ఆడవాళ్ళు రోజులో ఎన్నో గంటలు అల్లుతున్నా, వాళ్ళని కార్మికులుగా ఎవరూ లెక్కపెట్టలేదు. ఇంట్లో ఉండే గృహిణులు తీరిక వేళల్లో చేసుకునే పని అన్నారు. అలా అన్నారు కాబట్టే కూలి అంత తక్కువ ఇవ్వగలిగారు.

తీరిక. నేను నా అల్లిక గురించి ఇష్టంగా వాడే మాట అదే. నా విషయంలో అది విశ్రాంతి. ఆవిడ విషయంలో కూలి తగ్గించే సాకు. సూది ఒకటే, కుట్టూ ఒకటే.

మరి శాంతి అన్నది జీతం ఉన్నవాళ్ళ సొత్తేనా? కాదు. భక్తుల చరిత్రలో కబీరుది నేతపని, నామదేవుడిది దర్జీ కుటుంబం. మహాభారతంలో ధర్మవ్యాధుడు మాంసం అమ్ముకుంటూనే కౌశికుడికి ధర్మం బోధించాడు. బతుకుతెరువు కోసం చేసే పనిలోనూ మనసు నిలుస్తుంది. అలాగని ధర్మవ్యాధుడికి వైరాగ్యం ఉంది కాబట్టి అతనికి డబ్బులివ్వక్కర్లేదని ఎవరైనా అంటే ఒప్పుకుంటామా?

నాకు తట్టిన సమాధానం ఇది. ఫలం ఆశించకు అన్నది నాకు నేను చెప్పుకోవాల్సిన మాట. ఎదుటివాళ్ళ కూలి దగ్గర వాడుకునే మాట కాదు. రాత్రి పదింటిదాకా పని చేయించుకుని, హైక్ అడిగితే గీత గుర్తుచేసే మేనేజర్‌ని మనం ఒప్పుకోం కదా! అదే గీత మూడో అధ్యాయంలో, పుచ్చుకున్నదానికి తిరిగి ఇవ్వకుండా అనుభవించేవాణ్ణి దొంగ అంటాడు కృష్ణుడు. దేవతలకి యజ్ఞంతో తిరిగి ఇవ్వడం గురించి చెప్పిన మాట అది. ఇంకొకరి చేతికష్టం పుచ్చుకునే చోట కూడా అది వర్తిస్తుందని నా నమ్మకం.

అందుకే ఈ వారం రెండు పనులు చేసి చూడండి. ఒకటి, ఫోన్ పక్కన పెట్టి అరగంట చేత్తో ఏదైనా చేయండి. ఊడిన గుండీ కుట్టుకోండి, వత్తులు చేయండి, పూలు మాల కట్టండి. అంతా అయ్యాక, ఆ కాస్త పనికి ఎంతసేపు పట్టిందో చూసుకోండి. రెండోది, చీరకి ఫాల్ కుట్టే అక్క దగ్గరో, మగ్గం వర్క్ చేసే అన్న దగ్గరో బేరమాడే ముందు ఆ అరగంటని గుర్తు తెచ్చుకోండి. వాళ్ళ డబ్బులు రేపటికి వాయిదా వేయకండి.

జై శ్రీకృష్ణ.