తలుపు వెనుక తడి

ధ్యానభాగములు: లేవీయకాండము 14:33–48, గలతీయులకు 6:1

అంబాసిడర్ కారును ఎరుగనివారు మన దేశమున అరుదు. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును ఆధారము చేసికొని, పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారమున 1950ల చివర మొదలుకొని 2014 వరకు దానిని తయారుచేసిరి. మంత్రులు, కలెక్టర్లు, బిషప్పులు, పెండ్లివారు, అందరును దానిలో ప్రయాణము చేసినవారే. తయారీ నిలిచిపోయిన తరువాత, మిగిలియున్న బండ్లను కొందరు ఆపేక్షతో బాగుచేయించుకొనుచున్నారు. ఇంజనును గూర్చియు పైరంగును గూర్చియు మాటలాడువారు అనేకులు; తలుపు లోపలివైపు అట్టను గూర్చి మాటలాడువారు కొద్దిమంది. అయినను ప్రయాణికుని మోచేయి దినమెల్ల ఆనుకొనియుండునది ఆ అట్టనే.

ఆ అట్ట నిర్మాణము బహు సాధారణమైనది. పలుచని హార్డ్‌బోర్డు పలక, దానిమీద కొంచెము దూది, దానిపైన రెక్సిన్. అంచులను వెనుకకు మడిచి బంకతోను పిన్నులతోను బిగింతురు. పలక వెనుకనున్న స్ప్రింగు క్లిప్పులు తలుపు రేకులోని రంధ్రములలో దిగి దానిని పట్టుకొనును. (రెక్సిన్ అనగా తోలు కాదు. ఒక ఇంగ్లీషు కంపెనీ తన కృత్రిమ చర్మమునకు పెట్టుకొనిన పేరు మన బజారులలో సామాన్యనామమై స్థిరపడినది.) ఏండ్లు గడచినకొలది ఈ అట్ట క్రిందిభాగము ఉబ్బును, వంకరలు తిరుగును, రెక్సిన్ ఊడి వ్రేలాడును. ఎండవలన అట్లయినదని ఒకరు, ఎక్కి దిగువారి పాదములు తగులుటవలన అని మరియొకరు చెప్పుదురు. అదియు కొంతవరకు నిజమే. కాని తరచుగా ఆ చెడుగు ముందువైపునుండి రాదు, వెనుకనుండి వచ్చును.

కారు తలుపు లోపల ఖాళీ కలదు. అద్దము దించినప్పుడు అది దిగునది ఆ ఖాళీలోనికే. అద్దము ప్రక్కన పట్టీ యున్నను, వాననీరు అద్దము వెంబడి లోనికి జారకుండ అది పూర్తిగా ఆపజాలదు. తయారుచేసినవారికి ఈ సంగతి తెలియును. అందుచేతనే తలుపు అడుగు అంచున చిన్న రంధ్రములను విడిచిపెట్టిరి. నీరు లోనికి వచ్చుట లోపము కాదు. వచ్చిన నీరు బయటికి పోలేకపోవుటయే లోపము. దుమ్మును ఎండుటాకులును చేరి ఆ రంధ్రములు మూసికొనిపోగా నీరు అడుగున నిలుచును, రేకు త్రుప్పు పట్టును. మరియొక రక్షణయు కలదు. రేకుకును అట్టకును నడుమ తారుకాగితమునో ప్లాస్టిక్ కాగితమునో అతికించి, దాని క్రింది అంచును తలుపు లోనికి దోపుదురు. అట్టవైపు చిందిన చుక్కలు మరల ఖాళీలోనికే జారిపోవును. అద్దమును పైకెత్తు యంత్రము పాడైనప్పుడు మెకానిక్కు ఆ కాగితమును చించి చేయి లోనికి పెట్టును. పని ముగిసిన పిమ్మట మరల అతికించువాడు అరుదు. అట్ట బిగించినతరువాత అది యున్నదో లేదో ఎవరికి తెలియును? అప్పటినుండి ప్రతి వానకాలమును తడి అట్ట వీపునకు తగులుచుండును. హార్డ్‌బోర్డు అనగా వేడితో అదిమిన కొయ్యపీచే గనుక నీటిని పీల్చి ఉబ్బును; ఎండలో ఎన్ని దినములు ఆరబెట్టినను మునుపటి మందమునకు రాదు.

తొందరపాటు పనివాడు ఏమి చేయును? పాత రెక్సిన్ మీదనే క్రొత్త రెక్సిన్ అతికించును. క్లిప్పులు పట్టనిచోట ముందువైపునుండి మేకులు దిగగొట్టి, వాటిమీద మెరయు బిళ్లలు పెట్టును. కారు యజమాని సంతోషించి డబ్బు ఇచ్చి వెళ్లును. మరుసటి వానలు వచ్చువరకు ఆ సంతోషమునకు కొదువ లేదు.

లేవీయకాండములో గోడకు పొడ పుట్టిన యింటిని గూర్చిన విధి యున్నది. చాలమంది ఆ అధ్యాయమును త్వరగా దాటిపోవుదురు. అది విచారకరము, ఏలయనగా బాగుచేయుట యనగా ఏమో అంత ఓపికతో వివరించిన భాగములు లేఖనములలో ఎక్కువ లేవు. యాజకుడు వచ్చి చూడకమునుపే ఇల్లు ఖాళీ చేయవలెను. ఆలాగు చేసినయెడల ఇంటిలోని సామగ్రి అపవిత్రమని యెంచబడదు. అనగా పరీక్షకు ముందే ఆ కుటుంబమునకు కలుగబోవు నష్టమును ధర్మశాస్త్రము ఆలోచించినది. యాజకుడు చూచి వెంటనే తీర్పు చెప్పడు. ఏడు దినములు ఇల్లు మూయించి మరల వచ్చును. పొడ వ్యాపించియున్నయెడల పొడ తగిలిన రాళ్లను మాత్రమే ఊడదీయింతురు. లోపలి గోడలన్నిటిని గీయింతురు. వేరు రాళ్లు, వేరు అడుసు తెచ్చి కట్టుదురు. యాజకుడు ఇంకను ఒకసారి వచ్చును. ఇల్లు పడగొట్టుట కలదు గాని అది కట్టకడపటిది.

గలతీయులకు వ్రాసిన పత్రికలో పౌలు, తప్పిదములో చిక్కుకొనిన మనుష్యుని సాత్వికముతో బాగుచేయుడని ఆత్మసంబంధులకు చెప్పుచు, కతర్తిజో అను గ్రీకు క్రియను వాడెను. యాకోబు యోహానులు దోనెలో కూర్చుండి వలలు బాగుచేసికొనుచుండిరని సువార్తికులు చెప్పినచోట ఉన్నదియు ఆ క్రియయే. స్థానము తప్పిన ఎముకను సరిచేయుటకు గ్రీకు వైద్యులు ఈ కుటుంబపు మాటనే వాడిరి. తెలుగు బైబిలులో ఒకచోట బాగుచేయుట అనియు మరియొకచోట దారికి తెచ్చుట అనియు వచ్చినందున, ఈ రెంటికిని గల బంధుత్వము చదువరికి కనబడదు. అనువాదకులను తప్పుపట్ట నక్కరలేదు. తెలుగులో వలను దారికి తెచ్చితిమని ఎవరు అందురు? అయినను జాలరి చినిగిన కన్నులను ముడివేయునే గాని వలను పారవేయడని జ్ఞాపకముంచుకొని ఆ వాక్యమును చదువుట మేలు.

సంఘములో కానుకల లెక్కలు చూచు మనుష్యుడొకడు ఆ సొమ్ము వాడుకొని పట్టుబడెననుకొనుడి. ఇట్టిది ఏ సంఘమునకును క్రొత్త కాదు. కమిటీ కూడును. అతడు ఆదివారమున అందరియెదుట నిలిచి కన్నీటితో ఒప్పుకొనును, పెద్దలు చేయిచ్చుదురు, సంఘము కీర్తన పాడును. ఒప్పుకోలు అవసరమే, సొమ్ము తిరిగి చెల్లించుటయు అవసరమే. కాని కుమార్తె పెండ్లికి తెచ్చిన అప్పును నెలనెల పెరుగు వడ్డీని గూర్చి అతని నెవరైన అడిగిరా? ఆ భారమును చెప్పుకొనుటకు అతనికి ఒక్క మనుష్యుడైనను లేకపోయెనా? నీరు ప్రతి యింటిలోనికిని వచ్చును. అతని యింట అది పోవుటకు దారి లేకపోయెను. చేయిచ్చిన ఆదివారమే పని ముగిసినదని యెంచినవారు, మరల లెక్క తప్పినప్పుడు, వీడు మారువాడు కాడని చెప్పి వెలివేయుదురు.

ఇంతకంటె కఠినమైన సంగతి మరియొకటి కలదు. చాలసార్లు కాగితమును చించినవాడు బాగుచేయుటకు వచ్చినవాడే. విచారణకు వెళ్లిన పెద్దలు ఆ యింటి గుట్టు విప్పిరి, విప్పవలసినదే. కాని దానిని మరల కప్పక, భోజనముల యొద్దను బస్సులలోను చెప్పుకొనిరి. అతని భార్య ఆరాధనకు వచ్చుట మానెను, పిల్లలు బడిలో తలవంచుకొనిరి. అటుపిమ్మట అతని కుటుంబమును తాకు తడికి కారణము అతని పాపము మాత్రమే కాదు.

మంచి పనివాడు మొదట హేండిలు ఊడదీయును. అనేక పాతకార్లలో దాని వెనుకనున్న బిళ్లను లోనికి నొక్కిపట్టినగాని అడ్డుమేకు కనబడదు. బలముతో లాగినవాడు హేండిలును విరుగగొట్టుకొనును. తరువాత బల్లపరుపు ఉలివంటి పనిముట్టును ప్రతి క్లిప్పు ప్రక్కనే దూర్చి, ఒక్కొక్కదానిని మెల్లగా పైకెత్తును. క్రుళ్లిన పలకను అతడు వెంటనే పారవేయడు. దానిని క్రొత్త పలకమీద పరచి చుట్టు గీత గీయును, హేండిలు రంధ్రములను క్లిప్పు రంధ్రములను గురుతు పెట్టును. ఆ తలుపు కొలత దానికి తెలిసినట్లు వేరు దేనికిని తెలియదు. క్రొత్త పలకకు రెండువైపుల, ముఖ్యముగా కోసిన అంచులకు, వార్నిషు పట్టించి ఆరనిచ్చును. బంకను పలకకును రెక్సిన్‌కును పూసి, వ్రేలికి అంటీ అంటనట్లు ఆరిన పిమ్మట నడుమనుండి అంచులవైపు సాగదీయుచు అతికించును.

అట్ట సిద్ధమైనను బిగింపడు. తలుపు అడుగునకు వంగి తీగెతో రంధ్రములలోని మన్ను తీయును, త్రుప్పు గీకి రంగు వేయును, క్రొత్త ప్లాస్టిక్ కాగితము అతికించి దాని అంచును లోనికి దోపును. తరువాత చెంబుతో నీళ్లు తెచ్చి అద్దము మీద పోసి, నేలమీద కూర్చుండి చూచును. నీళ్లు తలుపు క్రిందనుండి కారినయెడల అట్టను ఎత్తి తెచ్చును. కారనియెడల మరల తీగె పట్టుకొనును.