అనుకృతియు ఆత్మదృష్టియు

జర్మను చిత్రకారుడైన కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిఖ్ సుమారు 1818లో రచించిన ‘పొగమంచు సముద్రముపై పథికుడు’ అను తైలవర్ణచిత్రపు ప్రతిబింబమును ఎదుట నుంచుకొని, గద్వాలలో ఒక విద్యార్థి దానికి నకలు వ్రాయుచున్నచో, అది విద్యార్జనమా, పరస్వహరణమా అను ప్రశ్న పుట్టక మానదు.

మన ఆలంకారికులకు ఈ విచారము క్రొత్తది గాదు. రసము అనుకరణరూపమని ప్రతిపాదించిన శ్రీశంకుకుడు, పటములోని గుఱ్ఱమును చూచినపుడు కలుగు ప్రతీతి సత్యము, మిథ్య, సంశయము, సాదృశ్యము అను నాలుగింటికంటెను విలక్షణమని చిత్రతురగన్యాయమును చెప్పెను. అభినవగుప్తుడు తన గురువైన భట్టతోతుని మార్గమున ఆ అనుకరణవాదమును ఖండించెను.

ఖండనమే నాకు సమ్మతము. కుంచె పట్టినవాని అనుభవమే దానికి సాక్ష్యము. అడుగుపూతలో టర్పెంటైను హెచ్చుగను, పైపూతలలో అవిసెనూనె హెచ్చుగను ఉండవలెను. లేనిచో క్రిందిది ఆరకమున్నే పైది ఎండి, కాలక్రమమున బీటలు వారును. దూరపు కొండను నీలిమలో పలుచన చేయుచు, పొర ఆరుదాక వేచియుండు ఆ దినములలో విద్యార్థికి మూలకర్త ఓర్పు అలవడును. ఆ మూలకర్తయు దృశ్యమును ఉన్నదున్నట్లు దింపలేదు. ఎల్బే నదీప్రాంతపు ఇసుకరాతి కొండలలో వేర్వేఱు చోట్ల గీసికొన్న రేఖాచిత్రములను తన గదిలో ఏకము గావించెను.

ఇట్టి శిక్షణ పొందిన కన్ను సోమశిలయొద్ద, కృష్ణ నల్లమల కొండల నడుమ విస్తరించు చోట, మంచులో ఏ శిఖరము ముందో ఏది వెనుకో తానే విభజించుకొనును. మూలమునకు వినయముతో లోబడి, పిదప దానిని దాటిపోవు సాధకునకే స్వీయదృష్టి లభించునని నా దృఢవిశ్వాసము.