శ్రావకుని ఇంటి బిడ్డ మీనాపని నేర్వవచ్చునా?

బెంగుళూరు నుండి హైదరాబాదు పోవు రహదారిలో చిక్కబళ్ళాపురము దాటిన పిమ్మట పేరేసంద్ర వచ్చును. రాష్ట్రము కర్ణాటకమైనను ఆ ప్రాంతమున ఇండ్లలోను అంగళ్ళలోను తెలుగు మాట వినబడుచునే యుండును. అటువంటి ఊరిలో వెండి సామానుల అంగడి గల ఒక జైన కుటుంబమును ఊహింపుడు. తండ్రి జయపురము నుండి మీనా పెట్టిన కుంకుమ భరిణెలు, ఉంగరములు తెప్పించి అమ్ముచున్నాడు. కుమారుడు ఒకనాడు, “నాయనా, ఆ మీనాపని నేను నేర్చుకుంటాను” అన్నాడు. “అది నిప్పుతో పని రా. అమ్మడం మన పని, కాల్చడం కాదు” అని తండ్రి జవాబు. ఇది ఊహించిన సంభాషణయే గాని, ఏ వర్తకుని ఇంటనైనను పుట్టదగినదే.

తండ్రి మాటను తేలికగా కొట్టివేయరాదు. ఉపాసకదశాంగ సూత్రమున శ్రావకుడు విడువవలసిన 15 కర్మాదానములు చెప్పబడినవి. వానిలో మొదటిది అంగారకర్మ, అనగా బొగ్గులతో, కొలిమితో సాగు జీవనము. 12వ శతాబ్దిలో హేమచంద్రాచార్యులు యోగశాస్త్రమున దీనిని వివరించుచు కుమ్మరి, కమ్మరి, కంసాలి పనులను అందులోనే చేర్చిరి. నిప్పునందును జీవములు కలవని నమ్మువారికి ఇది చిన్న మాట కాదు.

అయితే అదే గ్రంథములో ఏడవ అధ్యాయము ఎవరిని గూర్చినది? పోలాసపురపు సద్దాలపుత్రుని గూర్చి. అతడు కుమ్మరి. ఊరి వెలుపల 500 కుండల అంగళ్ళు గలవాడు. మహావీరస్వామి బోధ విని శ్రావక వ్రతములు గైకొన్నాడు. ఆ గ్రంథము చెప్పిన పదిమంది శ్రావకులలో ఒకడైనాడు. ఆదిపురాణము చూచినను, వృషభదేవుడు ప్రజలకు నేర్పిన ఆరు వృత్తులలో అసి, మసి, కృషి, విద్య, వాణిజ్యములతో పాటు శిల్పమును కలదు. వాణిజ్యమునకు పీట వేసి శిల్పమును గడప బయట నిలుపుటకు ఆ వరుసలో ఆధారము కానరాదు.

అసలు చిక్కు మరియొకచోట నున్నది. కర్మము తాను చేసినదే కాదు, చేయించినదియు, మెచ్చుకొన్నదియు తనకే చెందునని శాస్త్రము. కృత, కారిత, అనుమోదితములని మూడు. జయపురమున కొలిమి వెలిగినది పేరేసంద్ర అంగడి పంపిన ఆర్డరు కొరకే గదా! చేతికి మసి అంటనంత మాత్రమున లెక్క పుస్తకము తెల్లగా నుండునా? పట్టు సంగతియు ఇంతే. పక్కనే శిడ్లఘట్టలో పెద్ద పట్టుగూళ్ళ సంత కలదు. గూటిలోని ప్రాణమును వేడితో చంపిన పిమ్మటనే ఆ దారము తీయుదురు. పట్టుచీర కట్టి పెండ్లికి పోవు ఇంటివారు మీనా కొలిమికి మాత్రము భయపడుట విచిత్రము.

ఇక ఆ పిల్లవాడు నేర్చునది ఏమి? మీనా అనగా పైపూత రంగు కాదు, గాజు. ఇసుక, సింధూరము, వెలిగారము కరిగించి చేసిన గాజులో లోహభస్మములు కలిపినచో రంగు వచ్చును. కోబాల్టుతో నీలము, రాగితో పచ్చ, తగరముతో తెలుపు, బంగారముతో ఎరుపు. ఆ గాజును నూరి, నీరు తేటపడువరకు కడిగి, లోహముపై చెక్కిన గుంటలలో తడిగా నింపి, ఆరిన పిమ్మట సుమారు 800 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కొద్ది నిమిషములు కాల్చుదురు. తడి మిగిలెనా, ఆవిరి లేచి పొడి చిటచిట ఎగిరిపోవును. వేలి జిడ్డు తగిలిన చోట గాజు పట్టదు. అందుచేత రాగిని ముందుగా చింతపండుతో తోమవలెను. కొత్తవారు రాగితోనే మొదలుపెట్టుట మంచిది. వెండి 961 డిగ్రీలకే కరగును, రాగి కలిసిన వెండి ఇంకను ముందే. ఆదమరచినచో భరిణె ముద్దయై చేతికి వచ్చును.

పలుచని రేకుకు ఒకవైపే గాజు పోసినచో చల్లారునపుడు రేకు వంగి గాజు చిట్లును. అందుకు వెనుకను గూడ పూత వేయుదురు. ఎక్కువ వేడికి ఓర్చు రంగును ముందు, ఓర్వలేనిదానిని చివర కాల్చవలెను. జయపురపు పద్ధతిలో తెలుపు ముందు, ఎరుపు చివర. ఒక్క నగ ఇన్నిమార్లు నిప్పులోనికి పోవును. చివరిసారి చెడెనా, మొదటినుండి పడిన శ్రమ అంతయు పోయినట్లే.

ఈ ఒక్క సంగతి తెలిసినవాడు బేరమాడు తీరు మారును. పగిలిన సరుకును తిప్పిపంపి, కూలి కోసి, నష్టమంతయు పనివాని తలపై వేయుట కొందరు వర్తకులకు అలవాటు. ఎర్రరంగు ఎందుకు పగులునో ఎరుగని వానికి అది న్యాయముగనే తోచును. అంబేరు రాజైన మానసింహుడు లాహోరు నుండి మీనాపనివారిని రప్పించెనని జయపురమున చెప్పుకొందురు. ఆ నగరపు సర్దార్ కుద్రత్ సింగునకు 1988లో పద్మశ్రీ బిరుదు వచ్చినది. బిరుదులు లేని వారి కూలి మాత్రము నేటికిని అంగడి బల్లమీదనే తేలుచున్నది.

మరియొక ప్రమాదము కలదు. అచౌర్య వ్రతమునకు తత్త్వార్థసూత్రము చెప్పిన అతిచారములలో ప్రతిరూపక వ్యవహారము ఒకటి, అనగా అసలు పేర నకిలీ అమ్ముట. నేడు బజారులో జిగురు రంగు పూసి తక్కువ వేడిలో ఆరబెట్టిన సరుకు మీనా పేరనే చెలామణి అగుచున్నది. సూదిమొన నొక్కిన అది రంగులో దిగును, గాజుపై జారును. పని నేర్చినవాడు ఇది చూచిన వెంటనే పట్టును. నేర్వని తండ్రి, చేతికి నిప్పు తగలనీయకుండ కాపాడుకొనుచు, ఇంకొక వ్రతమును ప్రతిదినము తూకము వేసి అమ్ముకొనుచుండవచ్చును.

కావున పిల్లవానిని పంపవలసినదే. పంపునపుడు తండ్రి షరతులు పెట్టుట తప్పు కాదు. సింధూరములోని సీసము ఒంటికి విషము. సీసము లేని పొడులు నేడు దొరకుచున్నవి, అవియే వాడవలెను. బొగ్గుల కొలిమికి బదులు చిన్న విద్యుత్ కొలిమి చాలును. ఒక్క బిళ్ళకై దానిని వెలిగింపక, పది పన్నెండు సిద్ధమైన పిమ్మట ఒకేమారు వేడిచేసి అన్నియు కాల్చుకొనవలెను. పొడి కడిగిన నీటిని కాలువలో పోయక తేర్చి, అడుగున మిగిలిన మడ్డిని ఎత్తి వేరుగ దాచవలెను. మొదటి నెలలలో పొక్కిన బిళ్ళలు కుప్పలుగా పడును. వానిని అద్దాల బీరువాలో పెట్టక, తక్కువ ధరకు, లోపము చూపించియే అమ్మవలెను.