భాషాఋణం

మాతృభాషకు బిడ్డ ఋణపడి ఉన్నాడని మన పెద్దలు తరచుగా అంటుంటారు. దుర్గు వంటి దూరపు తావున ఈ మాట మరీ గట్టిగా వినబడుతుంది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతులమీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన భిలాయికి బ్రతుకుతెరువు వెదకుకొంటూ వచ్చినవారిలో తెలుగువారు కూడ ఉన్నారు. వారి మనుమలు ఇంట తెలుగు మాట్లాడుతారు. బడిలో హిందీలోనో ఇంగ్లీషులోనో చదువుతారు. తెలుగు అక్షరాలు పలువురికి రావు. అందుకు తాతగారు మనుమణ్ణి తప్పుపడతారు.

ఇంతకూ ఈ ఋణం ఎవరిది? భిలాయిలో పుట్టాలని ఆ పిల్లవాడు కోరుకొనలేదు. ఊరు మారినవారు పెద్దలు, జీతం అందుకొన్నవారు పెద్దలు, బడిని ఎంచినవారూ పెద్దలే. తీర్చవలసిన బాకీ వారివైపునే ఉన్నదని నా అభిప్రాయం.

ఇంట తెలుగు వినిపిస్తే చాలునని కొందరు తృప్తిపడతారు. ఆ ఇంటి పిల్లవాడు లెక్క చేసేటప్పుడు గమనించండి. అన్నం పెట్టమని తెలుగులో అడిగినవాడే ఎక్కాలు హిందీలో వల్లిస్తాడు. తెలుగులో డెబ్బై తొమ్మిది అంటే డెబ్బైమీద తొమ్మిది. హిందీలో అది ఉన్యాసీ, అనగా ఎనభైకి ఒకటి తక్కువ. ఎనభై తొమ్మిది దగ్గర ఆ పద్ధతి తప్పి నవాసీ అవుతుంది. (హిందీనుంచి అనువదించేటప్పుడు ఈ రెండు మాటల దగ్గర నేను నేటికీ ఒక క్షణం ఆగుతాను.) ఇంత చిక్కుదారిని సునాయాసంగా దాటిన బాలునికి సులభమైన తెలుగు సంఖ్య తోచదు. ఒక భాషకు పుస్తకమూ పరీక్షా మార్కులూ ఉండి, రెండవదానికి అవేవీ లేకపోవడమే ఇందుకు కారణం.

ఫిన్లండులో స్వీడిషు మాతృభాషగా గలవారు సుమారు నూటికి ఐదుగురు. అయినా 1919నాటి ఆ దేశపు రాజ్యాంగం ఫిన్నిషును, స్వీడిషును రెంటినీ జాతీయభాషలుగా అంగీకరించింది. అక్కడి స్వీడిషు బిడ్డ శిశుపాఠశాల మొదలు ఉన్నతపాఠశాల వరకు తన భాషలో చదువుకొనవచ్చు; దానితోపాటు ఫిన్నిషూ నేరుస్తాడు, ఇంగ్లీషూ నేరుస్తాడు. మన రాజ్యాంగంలో 1956లో చేరిన 350-ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనను గురించి మాత్రమే చెబుతున్నది. పదేండ్లకే చదవడం మానిన భాషలో ఇరవయ్యేండ్ల ఆలోచన ఎట్లా సాగుతుంది? భిలాయిలో ఒరియా, బెంగాలీ, మలయాళీ కుటుంబాలు కూడ ఉన్నాయి. ప్రతి భాషకూ వేరు బడి సాధ్యం కాదంటే ఒప్పుకొంటాను. పదవ తరగతి వరకు దినానికొక గంట, ఏడాదికొక పరీక్ష, ఇదికూడ అసాధ్యమంటే ఒప్పుకొనను.

అయితే అదే బల్లమీద ఛత్తీస్‌గఢీ మాట్లాడే పిల్లవాడు కూర్చున్నాడు. ఇది వాని సొంత నేల. 2007లో ఛత్తీస్‌గఢీకి రాజభాషగా గుర్తింపు వచ్చినా, వానికి పాఠం చెప్పేది ఎక్కువగా హిందీలోనే. తెలుగుకోసం అర్జీ వ్రాసేవారు వీని పేరెత్తకపోతే, ఆ అర్జీ తమ వాటా అడగడమే అవుతుంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్న గిడుగు రామమూర్తి పంతులుగారు తమది కాని సవరభాషను నేర్చి, అందులో వాచకాలు వ్రాసి, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు నడిపారు. దుర్గులోని తెలుగు ఉపాధ్యాయులకు ఛత్తీస్‌గఢీకోసం కొండలెక్కవలసిన పనిలేదు. అది వారు సంతలో ప్రతిదినం వింటున్న భాషే.